గ్రహణం రోజు వచ్చిన నిండు కరెంటు

ఆ రోజుల్లో మా నందిగామ, జగ్గయ్యపేటల్లో కరెంటు వచ్చేదంటే నమ్మండి, నిండుగా వచ్చేదంటే మాత్రం నమ్మకండి. పొలాల్లో మోటార్లు, ఊళ్లో రైసు మిల్లులు పీల్చుకోగా ఇళ్లకు మిగిలేది నూటయాభై వోల్టులు. (ట్యూబులైటు ఎంతో బతిమాలించుకుని గానీ వెలిగేది కాదు.) ఈ అన్యాయం మీద నేను పళ్లు నూరుకుంటున్న రోజుల్లోనే, పంతొమ్మిది వందల ఎనభైలో, సంపూర్ణ సూర్యగ్రహణం మా మీదుగా పోతుందని తెలిసింది. జగ్గయ్యపేటలో మా అక్క మొగుడు, ఫొటోల పిచ్చి ఉన్న బావ, సూర్యుడి వెంట కెమెరాను తిప్పే మోటారు స్టాండు ఒకటి ఎవరినో అడిగి తెచ్చాడు. దానికి పన్నెండు వోల్టులు స్థిరంగా అందాలి. తగ్గితే మోటారు నెమ్మదిస్తుంది, సూర్యుడు ఫొటోలోంచి జారిపోతాడు. "మన బతుకులో మళ్లీ ఇక్కడికి రాదోయ్. కరెంటు సంగతి నువ్వే చూడాలి," అన్నాడు బావ.

పుస్తకాల్లో సర్క్యూట్లన్నీ రెండు వందల ముప్పై వోల్టులకు గీసినవే. ఎవరి ఊళ్లో వస్తుందండీ అంత? ఒళ్లు మండి, నూటయాభైకే లెక్కగట్టి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించి, పన్నెండు వోల్టులిచ్చే పెట్టె ఒకటి తయారుచేశాను. మిల్లు ఆడినా, మోటార్లు తిరిగినా నా పెట్టె మీద మీటరు ముల్లు పన్నెండు దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. "గట్టివాడివేనోయ్!" అన్నాడు బావ. నేను కాలరెగరేశాను.

గ్రహణం రోజు మధ్యాహ్నానికే ఊరంతా తలుపులేసుకుంది. బావ వాళ్లమ్మ, అంటే మా అత్తయ్య, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, "బయటికెళితే కళ్లు పోతాయిరా, ఆనక నన్నంటే లాభం లేదు," అని గదిలోకి పోయింది. మేము డాబా ఎక్కి, బల్ల మీద కెమెరా స్టాండు, బల్ల కింద నా పెట్టె పెట్టుకున్నాం. సూర్యుడు కొడవలంత సన్నబడ్డాడో లేదో నా పెట్టె ఢామ్మని పేలింది. ప్లగ్గులో మీటరు పెట్టి చూద్దును కదా, రెండు వందల నలభై! గ్రహణమని తాలూకా మొత్తం మోటార్లు, మిల్లులు ఆపేసింది. నాకు ఊహ తెలిశాక మాకు నిండు కరెంటు వచ్చింది ఆ ఒక్క పూటే.

"ఇస్తే రోజూ ఇవ్వాలి, లేకపోతే అసలు మానెయ్యాలి! ఇదేం పద్ధతండీ?" అని కరెంటాఫీసు వైపు తిరిగి అరిచాను. బావ స్టాండును చేత్తో తిప్పుతూ టకటకా ఫొటోలు తీస్తున్నాడు. నేను బల్ల కింద దూరి, పెట్టెలో తల పెట్టి కాలిన తీగలు పీకుతున్నాను. ఇంతలో చీకటి పడింది. "బావా, వెలుతురుకు అడ్డం తప్పుకో!" అని కసిరాను. ఎంతసేపటికీ తప్పుకోడే! విసుగెత్తి తల బయట పెట్టేసరికి మళ్లీ ఎండ కాస్తోంది. పేలిన చప్పుడుకు ఎవరికేమైందోనని పరిగెత్తుకొచ్చిన అత్తయ్య, నోరు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తూ నిలబడి ఉంది.

బావ ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ సూర్యుడు పడలేదు. "నల్లటి సూర్యుడు రా, చుట్టూతా తెల్లగా జుట్టు విరబోసుకున్నట్టుంది," అని అత్తయ్య బతికినంతకాలం వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నేనూ విన్నాను, మళ్లీ మళ్లీ అడిగి మరీ. కరెంటువాళ్ల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ బల్ల కింద దూరి గ్రహణాన్నే తప్పుకోమని గదమాయించిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, చెవి పట్టి బయటికి లాగి, "ఒక్కసారి పైకి చూడరా నాయనా," అనాలనిపిస్తుంది.