అత్తగారి డిటెక్టివ్, నా అక్షరాలు

మా అత్తగారికి ఒక డిటెక్టివ్ అంటే ప్రాణం. ఇంగ్లీషు సీరియల్లో వచ్చే లావుపాటి మనిషి. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసం ఇల్లంతా వెతుకుతాడు. దొంగను తరుముతూ తనే బురదలో జారిపడతాడు. చివరకు ఎలాగో నేరం బయటపెడతాడు. అచ్చం మా మామగారేనని ఆవిడ నమ్మకం. మామగారు పోయాక, ఆ మనిషి టీవీలో కనిపిస్తే చాలు, పైట సర్దుకుని మరీ కూర్చుంటారు.

ఆవిడకు ఇంగ్లీషు రాదు. మాటలు కింద తెలుగులో వేస్తారు గానీ చూపు మందగించి అవి ఆనవు. ఇదివరకు మా ఆయన చదివి చెప్పేవారు. ఆటోనగర్‌లో పొద్దస్తమానం లారీల కింద దూరి వచ్చే మనిషి, సగం కథకే గురక పెట్టేవారు. నాకు యాభై దాటాక చదువొచ్చింది. మా పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, చర్చి వసారాలో ఆడవాళ్లకు అక్షరాలు నేర్పారు. దాంతో ఆ ఉద్యోగం నాకు బదిలీ అయింది.

నిలబడి ఉన్న అక్షరాలు నాకు లొంగుతాయి. కదిలేవాటితోనే చిక్కు. బెంజ్ సర్కిల్లో బోర్డు కూడబలుక్కునేలోపు బస్సు వెళ్లిపోయేది. టీవీలోనూ అంతే. అందుకని మా ఆయన రిమోట్ పట్టుకుని, నేను "ఊ" అన్నప్పుడల్లా ఆపేవారు.

ఆ డిసెంబరులో నాకో ఆశ పుట్టింది. క్రిస్మస్ ఆరాధనలో బైబిలు వాక్యం చదవాలి. దేవదూత గొర్రెల కాపరుల దగ్గరకు వచ్చే భాగం. చిన్నప్పటి నుంచి ఎవరో చదివితే విన్నదే. ఒక్కసారి నా కళ్లతో చూసి చదవాలి. అమ్మగారు నా పేరు చెప్పారు. అయ్యగారు, అంటే పాస్టరుగారు, వెంటనే సరే అనలేదు. "జనం నిండుగా ఉంటారు. తడబడితే ఆవిడే బాధపడుతుంది. ఒకసారి ఇంటికెళ్లి విందాం" అన్నారట.

వాళ్లు వస్తామన్న సాయంత్రమే సీరియల్లో క్రిస్మస్ భాగం వేశారు. నేను బైబిలు తీసి బల్లమీద పెట్టుకున్నాను. పక్కన క్రిస్మస్‌కని పేర్చిన బొమ్మల పశువుల పాక, అందులో కొండపల్లి ఎద్దులు.

"ఇవాళ వద్దు అత్తయ్యా. అయ్యగారు వస్తారు."

"వచ్చేదాకా చూద్దాం. వస్తే కట్టేద్దువుగాని."

మంచులో మునిగిన బంగళా. క్రిస్మస్ చెట్టు కొసన ఉండే వెండి నక్షత్రం పోయింది. అనుమానం ఇద్దరి మీద. ఒకరు పాటలు నేర్పే మాస్టరు. ఇంకొకరు నల్లగౌను వేసుకుని ఎప్పుడూ నవ్వుతూ ఉండే పాస్టరు. మా డిటెక్టివ్ కేకులో మోచెయ్యి పెట్టి, ఆనవాళ్ల కోసం చెట్టెక్కి, చెట్టుతో సహా కిందపడ్డాడు. అత్తగారికి నవ్వి నవ్వి పొలమారింది.

"మీ మామయ్య అంతేగా! పెళ్లిలో షామియానా గుంజ పట్టుకుని ఊగి, పందిరంతా మగపెళ్లివాళ్ల మీద పడేశాడు!"

అంతలో డిటెక్టివ్ కొమ్మల్లోంచి తల బయటపెట్టి, వేలు చూపించి ఏదో అన్నాడు. కింద అక్షరాలు వచ్చాయి. వ, ప, మ నా కళ్లకు ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. తొందరలో గట్టిగా చదివేశాను.

"పాస్టరే దొంగ!"

అత్తగారు తొడ చరిచారు. "నేననుకుంటానే ఉన్నా! ఎప్పుడూ ఇకిలించేవాడు మంచోడెట్టా అవుతాడే? పాస్టరైతే మాత్రం? ప్రార్థనలో మనల్ని కళ్లు మూసుకోమని, ఆయన మాత్రం తెరుచుకునే ఉంటాడుగా!"

"వందనాలమ్మా" అని గుమ్మంలోంచి వినబడింది.

అయ్యగారు ఒక చెప్పు విడిచి, రెండోది కాలికి ఉండగానే ఆగిపోయారు. వెనక అమ్మగారు.

మా ఆయన కంగారుగా టీవీ ఆపబోయి ఇంకేదో నొక్కితే, బొమ్మ వెనక్కెళ్లి ఆ మాట దగ్గరే ఆగింది. "మిమ్మల్ని కాదండీ అయ్యగారూ! వేరే పాస్టరండీ!"

"ఏ చర్చి పాస్టరు?" అన్నారు అయ్యగారు.

అమ్మగారు లోపలికొచ్చి టీవీ వంక చూశారు. "మాస్టరే దొంగ అని ఉందండీ" అన్నారు మెల్లగా.

"అయితే పాస్టరు మంచోడేనా?" అత్తగారు నీరుగారిపోయారు.

నా చెవులు కాలిపోయాయి. "నేను చదవనులెండి అయ్యగారూ. చర్చిలో కూడా ఇట్టాగే ఏదో ఒకటి అనేస్తాను."

అయ్యగారు రెండో చెప్పు కూడా విడిచి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ముందు ఇది పూర్తి చేయండి. ఆ మాస్టరు ఎందుకు తీశాడో తెలియొద్దూ?"

టీవీకి దగ్గరగా జరిగాను. చదివాను. వ గాని ప గాని మ గాని వస్తే ఆగాను, కళ్లు చికిలించాను, ఒకటి రెండుచోట్ల తప్పు పలికి మళ్లీ దిద్దుకున్నాను. మాస్టరు పాట ఎత్తుకున్నప్పుడల్లా ఆ నక్షత్రం ఊడి ఆయన నెత్తిన పడుతోందట, అందుకని దాచేశాడట. మాస్టరు గబగబా ఏడుస్తున్నాడు, నేను నిదానంగా చదువుతున్నాను. ఒక్కో ఏడుపును మా ఆయన ఆపి ఆపి పెట్టారు. కాఫీలు చల్లారాయి. అయ్యగారు నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకున్నారు.

అది అయ్యాక బైబిలు చేతిలోకి తీసుకున్నాను.

"అక్కర్లేదు, విన్నానుగా" అంటూ అయ్యగారు లేచారు. నేను బైబిలు మూసేశాను. "తప్పు వస్తే దాటిపోకుండా ఆగి దిద్దుకుంటున్నారు. చాలు. క్రిస్మస్‌నాడు మీరే చదవండి. ఆ భాగంలో కాపరులే గాని దొంగలు లేరు."

మా చర్చిలో వాక్యం చదివేటప్పుడు అందరూ నిలబడతారు, అయ్యాక ఆమెన్ అని కూర్చుంటారు. ఆ రోజు మైకు ముందుకు వెళ్లి, పంక్తి కింద వేలు పెట్టుకుని మొదలుపెట్టాను. సగంలో ఊపిరి తీసుకోవడానికి ఆగాను. అయిపోయిందనుకున్నారు మా ఆయన. మగవాళ్ల వైపు నుంచి గట్టిగా "ఆమెన్" అన్నారు. ఆయన వెనకే చర్చంతా ఆమెన్ అని, బెంచీలు కిర్రుమనేలా కూర్చుంది.

"ఇంకా ఉందండీ" అన్నాను మైకులో.

అందరూ మళ్లీ లేచారు. అయ్యగారు కూడా. నేను వేలు జరిపి తర్వాతి మాట వెతుక్కున్నాను.