మూడు పట్టాలకు ఒకే టక్కు

మొన్న సెలవులకు మా మేనకోడలు ఖరగ్‌పూర్ మలంచాలోని మా ఇంటికి వస్తూ, అరచేతిలో పట్టే రెండు చక్రాల రోబో ఒకదాన్ని వెంట తెచ్చింది. కాలేజీలో లెక్కలు చెప్పే పిల్ల, సరదాకి ఇలాంటివి తయారు చేస్తుంటుంది. అది వీధి గుమ్మం దగ్గర బయలుదేరి, తన చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో తానే లెక్కపెట్టుకుంటూ, వంటింటి దాకా పోయి మళ్ళీ గుమ్మానికి చేరాలట. రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడోసారి మాత్రం బీరువాకు తగులుకుని నిలబడి, గుమ్మం చేరిపోయానని కంప్యూటర్‌కి కబురు పంపింది.

"మావయ్యా, మీరు గాని దీన్నెత్తి పక్కన పెట్టినారేటి?" అంది పిల్ల, నన్ను కింది నుంచి పైకి చూస్తూ.

"నేనెందుకు ముట్టుకుంటానే? మీ అత్తనడుగు, ఇల్లు తడిగుడ్డ పెట్టింది తనే, చక్రాలు జారుంటాయి," అని తప్పును బదిలీ చేశాను. ఉద్యోగంలో నేను మొదట నేర్చుకున్న విద్య అదే.

"నా గుడ్డ మీద పడ్డారేటి ఇద్దరూ? దానికి కళ్ళు లేవు, మీకు పని లేదు," అని వంటింట్లోంచి మా ఆవిడ.

ఆ పిల్ల చూపు నాకు బాగా తెలిసిన చూపు. నలభై ఏళ్ళ క్రితం అదే చూపుతో నేనొక పెద్దాయన్ని చూశాను.

అప్పటికి నేను రైల్వేలో కొత్తగా చేరి, లైను పనులు చూసే ఒక అధికారి కింద ఉండేవాణ్ణి. రోజూ తన వాటా లైను వెంబడి నడిచి, పట్టాలు కలిసే చోట వదులైన నట్లు బిగించే కీమన్ ఒకాయన మా వైపు మనిషే. మా వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఖరగ్‌పూర్‌లో ఎలాగో ఒకలాగ వరస కలుస్తుంది గనక, ఆయన నాకు బాబాయి అయ్యాడు. ఆయన సగం దూరం నడిచి ఇందా పేటలోని టీ దుకాణంలో చేరిపోతాడని మా అధికారి అనుమానం. జలుబులాగ అది నాకూ అంటుకుంది.

తనిఖీ చేసి రమ్మని నన్ను ట్రాలీ ఎక్కించారు. ఆ వారం లైను పక్క దూరం చెప్పే రాళ్ళకు సున్నం వేశారు, అంకెలు ఇంకా రాయలేదు. అయితేనేం, నా తెలివి నాకుంది కదా! పట్టా పొడవు పదమూడు మీటర్లు, ప్రతి జాయింటు దగ్గరా ట్రాలీ చక్రం టక్కుమంటుంది, రైలు గేటు నుంచి టక్కులు లెక్కపెడితే ఎక్కడున్నానో ఇట్టే తెలిసిపోతుంది. అలా లెక్కపెట్టుకుంటూ పోయి, ఒక జాయింటు దగ్గర వదులు నట్టు చూసి, టక్కుల లెక్కన దూరం కట్టి, అది బాబాయి వాటాలోదేనని దర్జాగా రాసి ఇచ్చాను.

మర్నాడు మనుషులు వెళ్ళి చూస్తే, నేను రాసిన చోట నట్లన్నీ బిగిసే ఉన్నాయి. నా లెక్క మీద ఎవరికీ అనుమానం రాలేదు. ముందే కబురందుకుని బాబాయే బిగించేసి ఉంటాడని తేల్చి, ఆయన ఉద్యోగం ఊడేలా కాగితం తయారు చేశారు. రిటైరవడానికి ఆయనకింకా రెండేళ్ళే ఉన్నాయి.

బాబాయి అధికారి దగ్గరకు పోలేదు, తిన్నగా నా కుర్చీ దగ్గరకొచ్చాడు.

"ఎన్ని టక్కులు ఇన్నావో సెప్పు బాబూ. నాతోటి నడు."

గేటు నుంచి నడిచాం. కొంత దూరం పోయాక ఆయన ఆగి, సుత్తితో పట్టా మీద తట్టాడు. అక్కడ కొంతమేర మూడేసి పట్టాలను కరిగించి ఒకటిగా అతికేశారు.

"సూసినావా? ఇక్కడ మూడు పట్టాలకీ ఒకటే టక్కు. నీ లెక్క ఎనకబడిపోనాది."

ఇంకా ముందుకు నడిస్తే, ఆయన వాటా ముగిసే కల్వర్టు దాటాక కనిపించింది నా నట్టు, వదులుగా, రెండు రోజులుగా రైళ్ళ కింద అలాగే ఊగుతూ. తన వాటా కాకపోయినా బాబాయి వంగి దాన్ని బిగించాడు.

మీ లెక్క ఎప్పుడూ తప్పదా అని అడిగాను.

"ఎందుకు తప్పదు? కల్వర్టు అగుపడగానే నా లెక్క వదిలీసి, దాని రాయి మీద సెక్కిన నెంబరు అందుకుంతాను. నాను తప్పుతాను గాని, అది కదల్దు గదా."

నేను జాయింట్లను లెక్కపెట్టాను గాని కల్వర్టును లెక్కచేయలేదు. ఆయన్నయితే అసలు మనిషి లెక్కలోనే పెట్టలేదు. తప్పు నాదేనని అధికారికి చెప్పి, తిట్లు తిని, ఆ కాగితం చింపించాను. అయినా ఆ తరవాత బాబాయి ఎదురైనప్పుడల్లా అధికారి గడియారం చూసుకునేవాడు. అబద్ధమెందుకు, నేనూ ఒకటి రెండుసార్లు చూసుకున్నాను.

ఈ కథంతా చెప్పి, దీనికీ కల్వర్టులు కట్టవే అన్నాను మేనకోడలితో. రోబో అడుగున నలుపు తెలుపు కనిపెట్టే చిన్న కన్నొకటి పని లేకుండా పడి ఉందట. హాలు గుమ్మం దగ్గర ఒక నల్ల టేపు, వంటింటి గుమ్మం దగ్గర రెండు అంటించి, టేపు కనబడగానే సొంత లెక్క వదిలేసి ఆ గుమ్మం నుంచి మళ్ళీ మొదలుపెట్టేలా దానికి నేర్పింది. ఇప్పుడు బొటనవేలి మందం తేడాతో వీధి గుమ్మం చేరుతోంది. నమ్మకం చాలక ఇద్దరం పదిసార్లు తిప్పి చూశాం.

ఇప్పుడు మైళ్ళ తరబడి పట్టాలు అతికేశారు, టక్కుల్లేవు. కీమన్ ఎక్కడున్నాడో అతని దగ్గరున్న చిన్న యంత్రమే ఆఫీసుకు చెబుతుందట. మంచిదే, చాలామందికి నిందలు తప్పుతాయి. కానీ ఏదో ఒకనాడు ఆ యంత్రం కూడా తప్పు చెబుతుంది కదా అనిపిస్తుంది. నలభై ఏళ్ళ క్రితం ఆ రోజు నేను కుర్చీలోంచి లేచింది న్యాయం కోసం కాదు, బాబాయి అబద్ధాన్ని అక్కడే పట్టుకుందామని. ఎందుకు లేచినా, లేచాను, ఆయన పక్కన నడిచాను. ఇప్పుడు అనుమానం వచ్చినవాడు ఆ యంత్రాన్ని చూసుకుంటే చాలు, కుర్చీలోంచి లేవనక్కర్లేదు.