క్యాసెట్ అంచున ముక్క

మా బ్యాండ్ డ్రమ్మర్ మీద నాకింకా కోపం పోలేదు. అతనిది ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఎక్కడ కూర్చున్నా వేళ్లతో తాళం వేస్తూనే ఉండేవాడు. మా రాక్ ఆల్బమ్‌ను ఎవరూ చెరిపి వేరే పాటలు ఎక్కించకుండా ప్రతి క్యాసెట్ అంచునా ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరగ్గొట్టాలి. ఆ పని అతనికి అప్పజెప్పాం. ఒక్కటీ విరగ్గొట్టలేదు. ఎవరూ కొనకపోయేసరికి, మద్దిలపాలెం క్యాసెట్ల కొట్టువాడు మా పాటల మీదే సినిమా పాటలు ఎక్కించి అమ్మేశాడు.

"ఏటి బావా, ఈ పని?" అని డ్రమ్మర్ మీద అరిచాను.

"నచ్చనోళ్లు ఏరే పాటలెక్కించుకుంతారు. మంచి టేపు, పాడుసెయ్యడమెందుకు బావా?" అన్నాడు, బల్ల మీద తాళం ఆపకుండానే.

మన పాట మనకే అంత లోకువా!

ఆ క్యాసెట్లలో ఒకటి నేనే కొన్నాను. సినిమా పాటలు అయిపోయాక, టేపు చివర్న చెరిగిపోకుండా మిగిలిన అతని డ్రమ్స్ కాసేపు మోగుతాయి. విన్నప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. అంత బాగా వాయించాడు, వెధవ.