పెద్ద కటకం పక్షాన నా వాదన

ఎదుటివాడి మౌనాన్ని అంగీకారంగా జమకట్టడం నేను డిబేట్ పోటీల్లో నేర్చుకున్నాను. ఆ పాఠాన్ని భౌతికశాస్త్ర ప్రయోగశాలలోకి ఎందుకు మోసుకెళ్ళానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను.

అమలాపురంలో నా డిగ్రీ చివరి సంవత్సరం అది. ప్రయోగశాల సహాయకుణ్ణి మేమంతా బాబాయిగారనే పిలిచేవాళ్ళం. ఆయనది తాత్కాలిక ఉద్యోగం. తనిఖీ బృందం వస్తోంది. వాళ్ళు మెచ్చితేనే ఆయనకు మరో ఏడాది పొడిగింపు. చూపించవలసింది నా ప్రాజెక్టు: లేజర్ డయోడ్ వెలుగును వరండా చివరి గోడమీద చిన్న చుక్కగా నిలపడం.

లేజర్ అంటే సూదిలా సాగే కిరణమనే నేనూ అనుకున్నాను. విడి డయోడ్ వెలుగు అలా రాదు. పుట్టిన చోటునుంచే విసనకర్రలా విచ్చుకుంటుంది. దాన్ని పట్టడానికి బల్లమీద రెండు కటకాలు, అంటే లెన్సులు, ఉన్నాయి. ఒకటి అరచేతిలో సగం ఉంటుంది. డయోడ్‌కు జానెడు దూరంలో నిలపాలి. రెండోది కందిగింజంత, దాదాపు ఆనించాలి, వెంట్రుకవాసి కదిలినా గురి చెదిరిపోతుంది.

"చిన్నదేనండి, బాబుగారూ," అన్నారు బాబాయిగారు. "గండి పడ్డచోటే కట్టాలి గానీ, నీళ్ళు చేనంతా పరుచుకున్నాక ఎంత పెద్ద తడిక అడ్డం పెడితే ఏం లాభమండీ?"

పెద్ద కటకమైతే ఎక్కువ వెలుగును పడుతుందన్నాను. దూరం ఉంటే సర్దడం సులువన్నాను. ఉపమానం రుజువు కాదని కూడా అన్నాను.

"లాయరుగారితో మేమెక్కడ గెలుస్తామండీ!" అని నవ్వారు. పెద్ద కటకాన్ని నా ముందుకు జరిపి, "ఆయ్," అన్నారు.

ఆ 'ఆయ్'ని నా విజయంగా తీసుకున్నాను. మర్యాదకు అనే ఆయ్‌కీ, ఒప్పుకుని అనే ఆయ్‌కీ తేడా ఈ సీమలో పుట్టిన నాకు తెలియక కాదు. వినదలచుకోలేదు.

ముందురోజు చీకటిగదిలో నన్ను మురిపించిన ఎర్రచుక్కకు, తనిఖీనాటి పగటి వరండాలో ఆనవాలు లేదు. వెలుగులో ఎక్కువ భాగం కటకం అంచులు దాటి పొర్లిపోయింది. మిగిలింది గోడమీద ఒక మసక.

"ఈ అమరిక ఎవరిది?" అని బృందంలో పెద్దాయన అడిగారు.

"నాదేనండీ," అన్నారు బాబాయిగారు, నావైపు చూడకుండా.

ఏ అంశం మీదైనా అనర్గళంగా మాట్లాడగలనని పేరున్న నాకు, "కాదు, నాది" అన్న రెండు మాటలు రాలేదు.

ఆ అమరిక నాదేనని మూడో రోజుకు కాగితం మీద రాశాను. ఆ కాగితం ప్రిన్సిపాల్‌గారికి ఇచ్చేసరికి, పొడిగింపు లేదన్న ఉత్తర్వు వెళ్ళిపోయింది. బాబాయిగారు బీరువా తాళాలు అప్పగించే పూట వెళ్ళి, తప్పు నాదేనని మళ్ళీ పైవాళ్ళకు రాస్తానని, ఈసారి తప్పక వింటారని చెప్పాను.

ఆయన కందిగింజంత కటకాన్ని దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి మూత బిగించారు.

"ఆయ్," అన్నారు.

అది ఏ ఆయో ఈసారి విన్నాను.