నాడె జారిన రోజు

మా ముత్తాత రాజయ్య కరీంనగర్ వైపు నుంచి మగ్గం విప్పి బండిలో వేసుకుని సోలాపూరు వచ్చాడు. తాత మల్లేశం కాలానికి అశోక్ చౌక్ వెనక మా కార్ఖానా చప్పుడు వినబడని ఇల్లు లేదు. తాత నడిచివస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచేవారు. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. కాదు, గొప్పకే చెబుతున్నాను. ఆ గొప్పే నా చేత ఒక పని చేయించింది. దాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కనుక మీకు చెబుతున్నాను.

నా చేతికి వచ్చేసరికి మగ్గాలు ఆగిపోయాయి. ఖాళీ హాలు, తాత కూర్చున్న గాదీ పరుపు, దాని మీద వెలుతురు పడే పెద్ద కిటికీ, ఒక కలర్ టీవీ మిగిలాయి. బయటికి వెళ్లేటప్పుడు ఇస్త్రీ చొక్కా మాత్రం తప్పలేదు.

అప్పుడు మద్రాసు నుంచి ఒకాయన వచ్చాడు. టీవీలు చేసే కంపెనీ మనిషి. టీవీకి తగిలించి ఆడుకునే ఆటల పెట్టెలు కూడా చేద్దామా అని వాళ్లు ఆలోచిస్తున్నారట. లోపలి సన్నటి తీగలు అతికించడానికి వేళ్లు చురుకైన ఆడవాళ్లు కావాలి. కూర్చోబెట్టడానికి చోటు కావాలి. బీడీలు చుట్టే మా పేట గురించి ఎవరో చెప్పారు. ఆయనకు తెలుగు రాదు, హిందీ రాదు, మరాఠీ రాదు. ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేను. హాలూ నాదే.

అంబుబాయిని పిలిపించాను. ఆమె మామ మా తాత దగ్గర నేసినవాడు. ఆమె ఇంట్లో బీడీలు చుడుతుంది. ఆమె సరేనంటే గల్లీ మొత్తం వస్తుంది. ఆయన ఇచ్చిన తీగలను ఆమె ఒకసారి చూసి అతికించేసింది. ఆయన సంతోషించి, తెచ్చిన పెట్టెను నా టీవీకి తగిలించాడు. తెర మీద అటొక కర్ర, ఇటొక కర్ర, మధ్యలో ఎగిరే చుక్క. కర్రలను కదిపే బిళ్లలు రెండు పెట్టెకు తీగతో ఉన్నాయి; ఒకటి నా చేతిలో, ఒకటి ఆమె చేతిలో పెట్టి తిప్పుతూ చుక్కను కొట్టమన్నాడు.

"ఇది మగ్గంల నాడె లెక్కనే ఉన్నది గదా శేట్! అటుకెల్లి ఇటు, ఇటుకెల్లి అటు" అంది అంబుబాయి.

నేను చుక్కను కొట్టలేక తప్పాను. మళ్లీ తప్పాను.

"అరె, నాడె జారింది! మీ తాత ఉంటె కూలి కోస్తుండె శేట్!" అని పడీపడీ నవ్వింది.

ఆ మాట మా తాతది. దారాన్ని అటూ ఇటూ మోసే నాడెను జారవిడిచినందుకు ఆయన ఆ గాదీ మీద కూర్చునే ఆమె మామపై అలా అరిచేవాడు. మద్రాసాయనకు ఇదేమీ తెలియదు. కిటికీ కింద గాదీని చూపించి, వెలుతురు అక్కడ బాగుంది, ఈమెను అక్కడ కూర్చోబెట్టి మిగతావాళ్లకు నేర్పిద్దాం, వస్తుందేమో అడగండి అన్నాడు.

అడిగాను. ఆమె నవ్వు ఆపింది.

"రేపటి సంది వస్త అని చెప్పుండ్రి శేట్. తంబాకు ధూళికి నా ఛాతి పోయింది. నా పోరి ఒళ్లె బీడీల చాట పెట్టుకోకముందే నేను ఇంకో పని పట్టుకోవాలె."

నేను ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాను. బీడీ పని వదిలి రారట. మా ఆడవాళ్లు పరాయి కొలువు చేయరు.

ఆమె వైపు తిరిగి, "కంపెనీవాళ్లు ఇంకా ఆలోచన చేస్తున్నరట" అన్నాను.

ఆ రెండో మాట అబద్ధం కూడా కాదు. అందుకే అంత సులువుగా వచ్చిందా? ఆమె "మంచిది శేట్" అని, వేళ్లకు తంబాకు ఉంటుందని కాబోలు, బిళ్లను కొంగుతో తుడిచి ఆయనకు ఇచ్చింది. ఆయన పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

ఎందుకన్నాను? ఒక నవ్వు కోసమా? గాదీ కోసమా? అద్దె నాకూ అవసరమే. హాలు ఖాళీగానే ఉంది, గాదీ మీద ఎవరూ కూర్చోవడం లేదు, నేను కూడా కూర్చోవడం మానేసి చాలా కాలమైంది. ఆ కంపెనీ ఆ పెట్టెలు అసలు చేసిందో లేదో నాకు తెలియదు. చేసి ఉండదులే అని ఎన్నోసార్లు అనుకున్నాను. కనుక్కోలేదు. కనుక్కుంటే చేసిందని తెలుస్తుందేమో.

చౌక్‌లో కనబడినప్పుడల్లా అంబుబాయి ఆ పెట్టెవాళ్లు మళ్లీ వచ్చారా అని అడిగేది. లేదనేవాణ్ని. తరువాత అడగడం మానేసింది. ఆ ఏడే ఆమె కూతురు తల్లి పక్కన గడపలో కూర్చుని, ఒళ్లో చాటతో ఆకు కత్తిరిస్తుంటే చూశాను. నిలబడలేదు. అంబుబాయి దగ్గు గల్లీ మలుపు దాకా వినబడింది. ఆమె పోయినప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకునే వెళ్లాను. ఆ పిల్ల నాకు కుర్చీ తెచ్చి వేసింది. కూర్చున్నాను.

ఏడుపు రాలేదు. ఇప్పుడూ రాదు. ఆమె చెప్పిన మాట ఇది, నేను చెప్పిన మాట ఇది అని రెండూ పక్కపక్కన ఇప్పుడే పెట్టగలిగాను. అంతవరకే.

హాలు పోయిన ఏడాది అమ్మేశాం. కొన్నవాడు గోడలు పడగొట్టే ముందు పనికొచ్చేవి తీసుకోమన్నాడు. గాదీ మీద వెలుతురు పడే ఆ కిటికీని చట్రంతో సహా పాత సామాన్ల దుకాణానికి అమ్మాను.