ఫీజు లేని ఇంట్లో డ్రిల్లు

రేపల్లె రైల్లో నా ఒళ్లోని కొత్త డ్రిల్లు మెషీన్ని ఎదుటి సీట్లో ఆవిడ చాలాసేపు చూసింది. ఆమె ఎడమచేతికి పిండికట్టు, పెదవికి కుట్లు.

"అన్నయ్యా, ఒక్క చేత్తో పట్టుకోవచ్చా?"

ఇచ్చాను. ఎత్తి చూసింది.

"తేలిగ్గానే ఉందండి. చవకదేనా?"

"చవకదేనమ్మా. ఇంటిపనికి ఇది చాలు. ఏం పని?"

"గది తలుపుకి లోపల గడియ బిగించుకోవాలి. వడ్రంగి మా ఆయన చెబితేనే వస్తానంటున్నాడు. కరెంటు లేకపోయినా తిరుగుద్దా?"

"బ్యాటరీదమ్మా. అయినా కరెంటెందుకు ఉండదు?"

"నన్ను కొట్టి బయటికెళ్తూ ఫీజు పీకి జేబులో వేసుకుపోతాడండి. మళ్లీ వచ్చేలోపు బిగించేయాలి."

నేను దాన్ని గోడకి ఫొటోలు తగిలించడానికి కొన్నాను. రేపల్లెలో దిగేముందు ఆవిడ సంచిలో పెట్టేశాను.

ఇప్పటికీ వీధిలో ఒక్క ఇల్లే చీకటిగా కనిపిస్తే, ఆగి వింటాను.