బండి అలిగింది

మా ప్రేమదాసు మామకు ఉన్నది ఒక్కటే పిచ్చి. ఆగి ఉన్న కారులో పాటలు పెట్టడం. కారు నడిచేటప్పుడు పెట్టడు, పెడితే రోడ్డు కనిపించదంటాడు. ఎక్కడో తీసుకెళ్లి ఆపి, ఇంజను బందు చేసి, నాలుగు తలుపులూ వెనక డిక్కీ బార్లా తెరిచి, అప్పుడు పెడతాడు. మొయినాబాదులో పెడితే చేవెళ్లలో వినిపిస్తుందని మావాళ్లు అంటారు. అది అబద్ధం. సగం దూరం వరకే వినిపిస్తుంది.

ఈ పిచ్చివల్ల అందరికన్నా ఎక్కువ తిరిగింది నేను. మొయినాబాదు రోడ్డు మీద నాకు బ్యాటరీల కొట్టు ఉంది. మామ మా అమ్మకు తమ్ముడు, మేరీ అత్తతో దగ్గరే ఎంకపల్లిలో ఉంటాడు. ఇంజను ఆపి మూడు గంటలు స్టీరియో మోగిస్తే, ఇరవై రెండేళ్ల కారులోని బ్యాటరీ ఏమవుతుందో చిన్నపిల్లలకైనా తెలుసు. మామకు తెలియదు. పోనీ చదువులేని మనిషా అంటే, కరెంటు లైన్‌మన్‌గా రిటైరయ్యాడు. ముప్పై ఆరేళ్లు ఊరూరికీ కరెంటు ఇచ్చి, చివరికి తన కారుకు లేకుండా చేసుకున్నాడు.

నాకు ఫోను వస్తుంది. “అల్లుడా, బండి జర అలిగింది.” అంతే. బ్యాటరీ దిగిందని ఒక్కనాడూ అనలేదు. తన తప్పేమీ లేనట్టు, కారే ఏదో మనసులో పెట్టుకున్నట్టు చెబుతాడు. నేను ఛార్జి ఉన్న బ్యాటరీ ఒకటి స్కూటీ ముందు పెట్టుకుని, జంపు వైర్లు మెడలో వేసుకుని బయల్దేరుతాను. నేను లేని రోజు ఊళ్లోవాళ్లు వెనక నుంచి నూకి స్టార్టు చేయిస్తారు. ఎంకపల్లిలో ఆ కారును ఒక్కసారైనా నూకని మనిషి లేడు.

“ఇంజను ఆన్ చేసి విను మామా. బ్యాటరీ దిగదు” అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

“ఇంజను చప్పుడుల పాట ఏం ఇనవస్తదిరా?” అంటాడు.

ఈమధ్య మాత్రం ఆ మాట అనేటప్పుడు ఆయన రెండు చెవుల్లోనూ దూది ఉండేది. చలికాలం కదా, చెవిపోటు కాబోలు అనుకున్నాను. ఇంకో విచిత్రం, అప్పటి నుంచి ఏ పాటా చివరిదాకా విననివ్వడు. చేవెళ్లలో మొబైల్ కొట్టువాడు పెన్‌డ్రైవ్‌లో ఆరు వందల పాటలు ఎక్కించి ఇచ్చాడు. మామ ఒక పాట సగంలో కోసి బ్యాండుమేళం పెడతాడు, అది కోసి క్రికెట్ కామెంట్రీ పెడతాడు. ఇది పాడింది ఎవరు మామా అని అడిగితే, ఎవరో ఒకరు పాడి ఉంటారులే అంటాడు.

మొన్నటి క్రిస్మస్ అయిన మర్నాటి నుంచి ఆ కారుకు ఒకటే జాగా. సాలమ్మ జొన్న చేను గట్టు. పొద్దున ఏడు నుంచి పది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా అక్కడే. పాపం సాలమ్మ చేనుకు కావలి కాయబోయి మంచె మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆమె మొగుడు భిక్షం జన్వాడలో ఫామ్‌హౌస్ వాచ్‌మన్, వారానికోసారి వస్తాడు. ఆమె పిండికట్టు కాలితో చేను పక్క గుడిసె ముందు మంచంలో పడి ఉంటుంది, ఎటూ కదలలేదు. ఈయన పోయి పోయి ఆమె చెవి దగ్గరే పెట్టాడు.

సాలమ్మ కూడా తక్కువ మనిషి కాదు. సాయానికి మనుషుల్ని పంపుతామని వెళ్లినవాళ్లందరినీ, నా కాలు విరిగింది గని నోరు విరగలే అని వెళ్లగొట్టింది. అలా తిట్లు తిని వచ్చినవాళ్లలో మామే మొదటివాడు. ఇక పాటలు మొదలయ్యాక ఆమెకు దినమంతా అదే పని.

“ప్రేమదాసన్నా, నీ కారు నోరు వడిపోను. మేరక్క ఇంట్ల ఉండనిస్తలేదని నా నెత్తి మీదికి వస్తివా?”

మామ దూది సర్దుకుని సౌండు ఇంకొంచెం పెంచేవాడు. కాసేపటికి బ్యాటరీ దిగిపోయేది. సాలమ్మ శాపం తగిలిందని మేమంతా నవ్వుకునేవాళ్లం.

ఒక ఆదివారం మాత్రం హద్దు దాటింది. మామ స్టీరియోను అలాగే మోగనిచ్చి చర్చికి వచ్చేశాడు. మరిచిపోయాడనుకున్నాం. గిద్యోను పాస్టరుగారు అందరం మౌనంగా ప్రార్థిద్దాం అన్నారు. మౌనం మొదలైంది, కిటికీలోంచి తీన్మార్ మొదలైంది. ముందు వరుసలో ఇద్దరు ముసలివాళ్ల కాళ్లు వాటంతటవే ఆడాయి. పాస్టరుగారు కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నారు. సరిగ్గా ఆయన ముగించబోతుండగా బ్యాటరీ చచ్చింది. సంఘమంతా ఏనాడూ అననంత గట్టిగా ఆమెన్ అంది.

ఆరాధన అయ్యాక తెల్లబట్టలతో అందరం వెళ్లి కారు నూకాం. అది స్టార్టయి, నూకినవాళ్ల మీద నల్లపొగ వదిలి పోయింది. మేరీ అత్త క్రిస్మస్ చీర మీద కూడా పడింది. ఆమె చీర దులుపుకోలేదు. బండి నిలిపి దిగిన మామ వైపు తిరిగింది.

“ఇంకొక్కపారి ఈ బండిని నూకే పనివడ్డదంటే, తుక్కోనికి ఇచ్చుడే.”

అత్త ఒక మాట అన్నదంటే అన్నదే. మామ ముఖం చిన్నబోయింది. రిటైరైన నెలలో ముచ్చటపడి సెకండ్ హ్యాండులో కొనుక్కున్న కారు, రోజూ తుడిచి ముద్దుగా చూసుకుంటాడు. ఇకనైనా మానతాడనుకున్నాను. సోమవారం పొద్దున ఏడింటికి కారు మళ్లీ చేను గట్టు మీద ఉంది. నాకు భయం పట్టుకుంది. ఇక లాభం లేదని, రోజూ పొద్దున్నే అత్తకు తెలియకుండా వెళ్లి ఛార్జి చేసిన బ్యాటరీ మార్చి వచ్చేవాణ్ణి. ఐదు రోజులు గడిచాయి. శనివారం నాకు చేవెళ్లలో పని పడింది.

తొమ్మిదింటికి ఫోను. “అల్లుడా, బండి అలిగింది.” ఈసారి గొంతు సన్నగా ఉంది.

నేను చేరేసరికి అత్త గట్టు మీద ఉంది. తుక్కు కొనేవాడు ట్రాలీ ఆటోతో వచ్చి కారు చుట్టూ తిరుగుతున్నాడు. మామ మాత్రం కారు వైపు చూడటం లేదు. చేను వైపు చూస్తున్నాడు. పాట ఆగి ముప్పావు గంటైనా కాలేదు, చెరువు వైపు నుంచి చిలకల గుంపు ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. పాలుపట్టిన కంకుల మీద వాలి కొరకడం మొదలుపెట్టాయి. అరవై మూడేళ్ల మామ పంచె ఎగ్గట్టి, హోయ్ హోయ్ అని చప్పట్లు కొడుతూ చేనులోకి పరుగెత్తాడు. ఈ మూల లేపితే ఆ మూల వాలుతున్నాయి. మేము నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం.

మంచం మీద నుంచి సాలమ్మ పిలిచింది. “మేరక్కా, బండిని పంపకు. పాటలు ఆయనకు గాదు. నా పిట్టలకు.”

మామ చేను మధ్యలో ఆగిపోయాడు. దొంగతనం బయటపడ్డవాడిలా చెవుల్లో దూది తీశాడు. “నీకెట్ల ఎరుక?”

“చెవుల దూది వెట్టుకొని పాటలినేటోణ్ణి నేను యాడ జూడలే.”

నాకు సిగ్గేసింది. రోజూ ఆ బ్యాటరీలో ఎన్ని వోల్టులున్నాయో చూశాను గానీ, డిక్కీలోని స్పీకర్లు ఎటు తిరిగి ఉన్నాయో ఒక్కరోజూ చూడలేదు. పాటలు ఎందుకు మార్చేవాడో, చర్చికి వస్తూ స్టీరియో ఎందుకు మోగనిచ్చాడో అప్పటికి తెలిసింది. ఒకే మోత వింటే పిట్టలు అలవాటుపడిపోతాయి. వాటికి ఆదివారం సెలవు కూడా లేదు.

“మరి దినాం గట్ల తిట్టినవేందే సాలమ్మా?” అంది అత్త.

“మంచిగ మాట్లాడితే నాకు ఎరుకైందని సిగ్గువడి రాడు. నా చేను పిట్టల పాలైతుండె.”

మామ నేల చూస్తూ గొణిగాడు. “చేన్లకు రావొద్దంటివి. గట్టు మీద పాటలు ఇనొద్దనలే గదా.”

అత్త తుక్కువాడి దగ్గరికి నడిచింది. చీర మీద పొగ సంగతి మరిచిపోయిందో, మాఫీ చేసిందో తెలియదు. తుక్కువాడికి చాయ్ పోయించి పంపించేసింది. ట్రాలీ ఆటో మలుపు తిరిగాక నాకు హాయిగా నవ్వొచ్చింది. అత్త నా వైపు తిరిగి, లారీ బ్యాటరీ ఉన్నదా నీ కొట్ల అని అడిగింది. అది అమర్చాక ఇరవై రోజులు ఒక్క చిలక వాలలేదు. జొన్నలు ఇంటికి చేరాయి. అందరం హమ్మయ్య అనుకున్నాం.

పోయిన నెల మళ్లీ ఫోను. “అల్లుడా, బండి అలిగింది.”

కోత అయిపోయింది కదా, ఇంకా పాటలేమిటని వెళ్లాను. ఖాళీ చేను గట్టు మీద కారు ఉంది. ముందు సీట్లో సాలమ్మ కట్టు విప్పిన కాలు చాపుకుని కూర్చుంది. మామ చెవుల్లో దూదితో బయట నిలబడి ఉన్నాడు. సగం సగం విన్న పాటలన్నీ చివరిదాకా ఇనాలంటున్నదిరా, ఆరు వందలల్ల ఇప్పటికి నలభయే అయినయి అన్నాడు. నేను లారీ బ్యాటరీ చూశాను. అదీ చచ్చింది.

“ఏం జూస్తున్నరు? నూకుండ్రి” అంది సాలమ్మ, దిగకుండా.

మామా నేనూ వెనక భుజాలు ఆనించాం. మూడో భుజం మేరీ అత్తది. ఆమె ఈసారి పాత చీర కట్టుకుని వచ్చింది.